పది వాక్యాల సాధకం
(ఆకాశవాణి మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మొన్న ఒకరోజు మా పక్కవాటాలో ఉండే వదినగారు కందిపప్పు చెరుగుతూ ఒక మాటన్నారు. "మీకేమండీ, రేడియోలో మాట్లాడతారు. రాయడం మీకు పుట్టుకతో వచ్చింది. నేను మా అమ్మాయికి ఫోనులో చెప్పలేని మాటలు నాలుగు రాద్దామని కాగితం ముందేసుకుంటే, 'ఇక్కడ మేమంతా క్షేమం' దగ్గరే కలం ఆగిపోతుంది" అన్నారు. నేను నవ్వేసి ఊరుకున్నాను గాని, ఆ మాట రోజంతా నా వెంటే తిరిగింది. ఆవిడ అన్నదాంట్లో ఒక నిజం ఉంది, ఒక అబద్ధం ఉంది. కలం ఆగిపోవడం నిజం. పుట్టుకతో రావడం అబద్ధం. ఆ రెంటి సంగతీ ఇవాళ మీతో చెప్పుకుందామని వచ్చాను.

నా చదువు పదో తరగతి. ఆ తర్వాత పెళ్ళి, పిల్లలు, పాలలెక్క, చాకలిపద్దు. మొట్టమొదటిసారి రేడియోకి ప్రసంగం రాయమన్నప్పుడు నాకిచ్చిన విషయం ఊరగాయలు. అరడజను ఊరగాయలు కళ్ళు మూసుకుని పెట్టగలదాన్ని కదా, ఇదెంత అనుకున్నాను. రాత్రి అందరి భోజనాలూ అయ్యాక కూర్చుని, "భారతీయ సంస్కృతియందు ఊరగాయలకు ఒక విశిష్ట స్థానము కలదు" అని మొదలుపెట్టి నాలుగు పేజీలు నింపాను. కార్యక్రమం చూసే ఆవిడ అది చదివి, కోప్పడలేదు, మెచ్చుకోనూ లేదు. "మీ ఇంట్లో ఆవకాయ జాడీ ఉందామ్మా?" అని అడిగారు. ఉందన్నాను. "దాని మూతికి ఏ గుడ్డ కట్టారు?" అన్నారు. "మా అత్తగారి పాత నేతచీర చెంగండీ. తెల్లదే గాని, ఏళ్ళ తరబడి నూనె, కారం అంటి అంచంతా ఎర్రబడిపోయింది" అన్నాను. "మరి ఈ నాలుగు పేజీల్లో ఆ గుడ్డ ఏదీ?" అన్నారావిడ.

నాకు జవాబు తోచలేదు.

అప్పుడావిడ ఒక పని చెప్పారు. రోజుకొక వస్తువు మీద పది వాక్యాలు రాయమన్నారు. పదకొండోది రాయొద్దన్నారు. వంటింటి కిటికీ, తలుపు గొళ్ళెం, బస్సులో పక్కసీటు మనిషి, రాత్రి వచ్చిన కల, ఏదైనా సరే. నెలరోజులు రాశాక అప్పుడు ప్రసంగం సంగతి చూద్దామన్నారు. చాకలిపద్దు పుస్తకం వెనక పేజీల్లో మొదలుపెట్టాను. మొదటి వారం గొళ్ళెం మీద మూడు వాక్యాల తర్వాత ఏమీ తోచక పుస్తకం మూసేశాను. నాలుగో వారానికి పది వాక్యాలు చాలక ఆవిడ పెట్టిన షరతు మీద కోపం వచ్చింది. అంటే పని జరిగిందన్నమాట.

ఆలోచిస్తే ఇందులో వింతేముంది? సంగీతం నేర్చుకునే పిల్లను మొదటిరోజే కీర్తన ఎత్తుకోమంటామా? సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు అయ్యాక గదా. ముగ్గుల్లోనూ అంతే. మూడు చుక్కలు మూడు వరుసలు చేతికి లొంగాక గదా సంక్రాంతి రథం. ఒక్క రాయడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం సాధకం మాటెత్తం. వచ్చినవాళ్ళకు వచ్చిందనీ, మనకు రాదనీ తీర్పు చెప్పేసుకుని కూర్చుంటాం.

ఈ పది వాక్యాల పద్ధతి ఆవిడ సొంత చిట్కా అనుకున్నాను చాలాకాలం. తర్వాత గ్రంథాలయంలో పుస్తకాలు తిరగేస్తుంటే తెలిసింది, దీని వెనక సుమారు రెండువేల ఏళ్ళ చరిత్ర ఉందని. ఆ చరిత్రలో మనలాంటి ఆడవాళ్ళ చోటు ఎక్కడో కూడా తెలిసింది. అది చెబితేగాని ఈ కథ పూర్తికాదు.

పూర్వం గ్రీకు భాష మాట్లాడే దేశాల్లో పెద్దింటి మగపిల్లల చదువంతా సభలో మాట్లాడటం కోసమే సాగేది. పెద్ద ప్రసంగాలకు ముందు చేతిని, బుద్ధిని సానపట్టడానికి గురువులు చిన్నచిన్న అభ్యాసాలు వరుసగా పెట్టారు. వాటి మీద రాసిన పుస్తకాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. వాటిలో ఎక్కువ పేరు వచ్చినది నాలుగో శతాబ్దంలో అంతియోకు నగరానికి చెందిన ఆఫ్తోనియస్ రాసినది. ఆ ఊరు ఇప్పుడు టర్కీ దేశంలో ఉంది. ఆయన పెట్టిన అభ్యాసాలు 14. ప్రతిదానికీ ఒక చిన్న మాదిరి తనే రాసి చూపించాడు.

మొదటి మెట్టు నీతికథ. ఎండాకాలమంతా పాడుతూ కూర్చున్న కీచురాళ్ళ కథ, గింజలు దాచుకున్న చీమల కథ మన పిల్లలకూ తెలిసిందే. అది చిన్నగా చెప్పాలి. తర్వాత ఒక సంఘటన చెప్పడం. ఆపైన ఒక పెద్దమనిషి అన్న మంచిమాట తీసుకుని దాన్ని విప్పి చెప్పడం. అక్కణ్ణించి ఒక కథ నమ్మదగింది కాదని వాదించడం, మళ్ళీ అదే నమ్మదగిందని వాదించడం. ఒకరిని పొగడటం, ఒకరిని తెగడటం, ఇద్దర్ని పోల్చడం. కళ్ళకు కట్టేటట్టు ఒక కట్టడాన్నో, చోటునో వర్ణించడం. ఇలా మెట్టు మెట్టూ ఎక్కిస్తారు.

ఈ పద్నాలుగింటిలో రెండు నా మనసులో నిలిచిపోయాయి. ఒకటి, మరొకరి గొంతుతో మాట్లాడటం. ఆఫ్తోనియస్ దానికి చూపిన మాదిరి ఏమిటంటే, నయోబీ అనే తల్లి తన పిల్లలందరూ చచ్చిపడి ఉంటే ఏమని ఏడ్చి ఉంటుంది? మనవాళ్ళయితే గాంధారి కురుక్షేత్రంలో ఏమని ఉంటుంది అని అడుగుతారే, అలాంటిదన్నమాట. మీసాలు కూడా సరిగా రాని కుర్రాళ్ళు కూర్చుని కడుపుకోత రాసేవారు. రెండోది చర్చ. అందులో ఆయన ఎత్తుకున్న ప్రశ్న, "పెళ్ళి చేసుకోవాలా, అక్కర్లేదా?" అని. దాన్నీ రాసేది కుర్రాళ్ళే.

చూశారా తమాషా! తల్లి దుఃఖం మీద అభ్యాసం ఉంది, పెళ్ళి మీద అభ్యాసం ఉంది. ఆ రెంటి సంగతీ అందరికంటే బాగా తెలిసిన తల్లులు మాత్రం ఆ బడి గుమ్మంలో ఎక్కడా కనబడరు.

ఆ పుస్తకం లాటిన్‌లోకి వెళ్ళి, అచ్చుయంత్రం వచ్చాక పదహారో శతాబ్దంలో ఐరోపా బడులన్నిటా పాకింది. ఇంగ్లండు పిల్లలూ దాన్నే వల్లించారు. అప్పుడే ఎరాస్మస్ అనే పండితుడు 1512లో పిల్లల కోసం ఒక పుస్తకం అచ్చువేయించాడు. "నీ ఉత్తరం నాకెంతో సంతోషం కలిగించింది" అనే ఒక్క వాక్యాన్ని అందులో ఆయన నూట నలభైకి పైగా రకాలుగా తిప్పి రాసి చూపించాడు. నేనది చదివి, "కూరలో ఉప్పు ఎక్కువైంది" అన్న వాక్యాన్ని అలా తిప్పుదామని కూర్చుని పదిహేనో దానికి అలిసిపోయాను. కాని ఆ పదిహేనింట్లో మావారి గొంతు ఒకటి, మా అత్తగారి గొంతు ఒకటి, నా గొంతు ఒకటి వేరువేరుగా వినబడ్డాయి. అంతకంటే ఏం కావాలి?

మన దేశానికి ఈ విద్య కొత్తేమీ కాదు. వాత్స్యాయనుడు చెప్పిన 64 కళల్లో సమస్యాపూరణం ఉంది. పొంతన కుదరని ఒక పాదం ఇస్తే, మిగతా పాదాలు కట్టి దానికి అర్థం కుదర్చడం. తెలుగువాళ్ళం దాన్ని అవధానంగా పెంచుకున్నాం. దత్తపది అంటే నాలుగు మాటలు ఇస్తారు, సంబంధం లేనివి. ఆ మాటలు పెట్టి, చెప్పిన విషయం మీద, అడిగిన ఛందస్సులో పద్యం చెప్పాలి. వర్ణన ఉంది, ఫలానా అక్షరం రాకూడదనే నిషిద్ధాక్షరి ఉంది. మధ్యలో అడ్డంగా మాట్లాడి ధ్యాస చెడగొట్టడానికి అప్రస్తుత ప్రసంగమనీ ఒకటుంది. వంట చేస్తూ, పిల్లవాడికి ఎక్కం అప్పజెప్పించుకుంటూ, గుమ్మంలో కూరలవాడితో బేరమాడే మనకు అప్రస్తుత ప్రసంగం సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు! దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వెంకట శాస్త్రి గార్లు జంటగా ఊరూరా అవధానాలు చేసి ఆ విద్యను జనంలోకి తెచ్చారు. ఆకాశవాణి కూడా సమస్యలిచ్చి శ్రోతల చేత పద్యాలు రాయించింది. ఇక్కడా ఆ పాత సభల్లో ఆడవాళ్ళు ఎక్కువగా తలుపు వెనకనే ఉండి విన్నారు.

తలుపు వెనక అన్నాను గనక ఇప్పుడు మిమ్మల్ని ఒక ఇంట్లోకి తీసుకువెళతాను. అమెరికాలో బోస్టన్ అనే రేవుపట్నం. అప్పటికింకా అది ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో ఉంది. కొవ్వొత్తులు, సబ్బులు చేసి అమ్మే జొసయా ఫ్రాంక్లిన్ అనే ఆయన ఇల్లు. ఇద్దరు భార్యలకూ కలిపి 17 మంది సంతానం. మగపిల్లల్లో ఆఖరివాడు బెంజమిన్, 1706లో పుట్టాడు. అందరికంటే చిన్నది జేన్, 1712లో పుట్టింది.

బెంజమిన్ బడికి వెళ్ళింది రెండేళ్ళే. పదో ఏట మానిపించి తండ్రి తన పనిలో పెట్టుకున్నాడు. పన్నెండో ఏట అన్నగారి అచ్చాఫీసులో పనికి కుదిర్చారు. అతనికొక స్నేహితుడు, ఇద్దరికీ వాదన పిచ్చి. ఒకసారి ఉత్తరాల్లో వాదించుకున్నారు. విషయమేమిటో తెలుసా? ఆడవాళ్ళకు చదువు చెప్పించడం తగునా, తగదా అని. స్నేహితుడు తగదన్నాడు, బెంజమిన్ తగునన్నాడు. ఆ ఉత్తరాలు తండ్రి కంటబడ్డాయి. ఆయన ఎవరి పక్షమూ పట్టలేదు. నీ అక్షరదోషాలు తక్కువేగాని, చెప్పే తీరులో అందం, వరుస, స్పష్టత అవతలి అబ్బాయికే ఎక్కువున్నాయని చెప్పాడు. ఆ మాట కుర్రవాడికి గుచ్చుకుంది.

అప్పుడు అతనికి 'స్పెక్టేటర్' అనే లండన్ పత్రిక సంపుటం ఒకటి దొరికింది. అందులో వ్యాసాలు అతనికి ఎంతో నచ్చాయి. గురువు లేడు గనక ఆ పుస్తకాన్నే గురువుగా పెట్టుకున్నాడు. ఒక వ్యాసం చదివి ప్రతి వాక్యంలోని భావానికి ఒక చిన్న గుర్తు రాసుకునేవాడు. కొన్నాళ్ళు పక్కన పడేసేవాడు. తర్వాత పుస్తకం చూడకుండా, ఆ గుర్తుల సాయంతో తన మాటల్లో వ్యాసమంతా రాసేవాడు. అప్పుడు అసలుతో పోల్చి తప్పులు దిద్దుకునేవాడు. తన దగ్గర మాటల నిల్వ తక్కువని తెలిసింది. అందుకని కథల్ని పద్యాలుగా మార్చేవాడు, కొన్నాళ్ళయ్యాక ఆ పద్యాల్ని మళ్ళీ వచనంగా మార్చేవాడు. ఒక్కోసారి గుర్తుల చీటీలన్నీ కలగలిపేసి, వారాల తర్వాత వాటిని వరుసలో పేర్చుకునేవాడు. దానివల్ల చెప్పే క్రమం అలవడిందట. ఇదంతా ఎప్పుడు? రాత్రి పని అయ్యాక, తెల్లవారి పని మొదలుకాక ముందు, ఆదివారాలూ. పని తర్వాతి వేళ, పనికి ముందు వేళ, ఈ రెండూ మనకు బాగా తెలిసినవే కదూ!

1722లో, పదహారేళ్ళ వయసులో, అతను తన చేతిరాత గుర్తుపట్టకుండా మార్చి, ఒక వ్యాసం రాత్రివేళ అన్నగారి అచ్చాఫీసు తలుపు కిందనుంచి లోపలికి తోశాడు. పొద్దున్నే అన్న, ఆయన మిత్రులు అది చదివి తెగ మెచ్చుకుని పత్రికలో వేశారు. అలా పద్నాలుగు వచ్చాయి. రాసినది ఎవరనుకున్నారు? 'సైలెన్స్ డూగుడ్' అనే నడివయసు విధవరాలు! ఆడవాళ్ళ చదువు గురించి, వేషాల గురించి, ఊళ్ళో తాగుబోతుల గురించి ఆ విధవరాలు చురుగ్గా మాట్లాడుతుంది. అంతియోకు బడిలో కుర్రాళ్ళు చేసిన అభ్యాసమే ఇది. మరొకరి గొంతుతో మాట్లాడటం. పదహారేళ్ళ కుర్రవాడు ఆడగొంతు సాధన చేసి గెలిచాడు.

మరి ఆ ఇంట్లోనే ఉన్న నిజమైన ఆడపిల్ల సంగతి?

ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో ఆడపిల్లలకు చదవడం నేర్పేవారు, మతగ్రంథం చదువుకోవడానికి. రాయడం మాత్రం మగపిల్లల పనిగా చూసేవారు. జేన్ ఎలాగో రాయడం నేర్చుకుంది గాని దాన్ని సానపెట్టే అవకాశం ఆమెకు లేదు. 1727లో, ఫిలడెల్ఫియాలో ఉన్న అన్న ఆమెకొక కానుక పంపాడు. తేనీటి బల్ల పంపుదామనుకున్నాడట మొదట. కాని అందమైన దొరసాని కంటే మంచి ఇల్లాలు గొప్పదని ఆలోచించి రాట్నం పంపాడు. ఆడవాళ్ళకు చదువు తగునని వాదించిన అన్నే! పుస్తకం కాదు, కలం కాదు, రాట్నం. ఆ ఏడే పదిహేనేళ్ళకు ఆమెకు పెళ్ళయింది.

పన్నెండుమంది పిల్లల్ని కన్నది. తొలిచూలు బిడ్డ ఏడాది నిండకుండానే పోయాడు. ఆమె నాలుగు కాగితాలు మడిచి కుట్టి ఒక చిన్న పుస్తకం చేసుకుంది. 'వయసుల పుస్తకం' అని పేరు పెట్టుకుంది. అందులో పుట్టిన తేదీలు, పోయిన తేదీలు. పన్నెండుమందిలో పదకొండుమంది ఆమె కళ్ళముందే పోయారు. నయోబీ ఏమని ఏడ్చి ఉంటుందని కుర్రాళ్ళు పేజీలు పేజీలు రాశారే, నిజంగా బిడ్డల్ని పోగొట్టుకున్న ఈ తల్లి పుస్తకంలో ఒక్కో బిడ్డకు దక్కింది ఒకటి రెండు వాక్యాలు. తేదీ, పేరు, దేవుడి మాట ఒకటి. ఆ చిన్న పుస్తకం గురించి చదివిన రోజు నేను వంట ఆలస్యం చేశాను.

కాని జేన్ కథ అక్కడితో ఆగలేదు, అందుకే ఇంత చెబుతున్నాను. ఆమె అన్నకు ఉత్తరాలు రాసింది. ఏడాది కాదు, రెండేళ్ళు కాదు, అరవై ఏళ్ళకు పైగా ఆ ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచాయి. తప్పులతో రాసింది, ప్రతిసారీ తప్పులకు క్షమించమంటూ రాసింది. ముసలితనంలో అన్న ఆమెకు ఇచ్చిన జవాబు ముచ్చటైనది. తప్పు వర్ణక్రమం అని జనం అంటారే, అదే నిజానికి మేలైనది, ఎందుకంటే అది పలికినట్టే ఉంటుంది అన్నాడు. పలికినట్టు రాసే తెలుగు మనది, ఆయన మాటలోని తీపి మనకు తెలుస్తుంది. రాస్తూ రాస్తూ ఆమెకు చెయ్యి తిరిగింది. 1786లో, డెబ్బై నాలుగేళ్ళ వయసులో, తను చదివిన ఒక పుస్తకంలోని మాట ఎత్తి అన్నకు రాసింది. న్యూటన్ వంటి మేధావులు వేలమంది, తగిన చోటు, తగిన వసతి దొరక్క, అజ్ఞానంలోనే బతికి పోయి ఉంటారన్న మాట అది. అది ఎవరి గురించి రాసిందో ఆ అన్నకు అర్థమయ్యే ఉంటుందని నేననుకుంటాను. ఆయన లోకప్రసిద్ధమైన ఆత్మకథ రాశాడు. అందులో ఈ చెల్లెలి ప్రస్తావన లేదు. అయినా ఉత్తరాలు మిగిలాయి, ఆమె కుట్టుకున్న పుస్తకమూ మిగిలింది. వాటివల్లనే ఇవాళ మనకామె తెలుసు.

ఇలాంటి అక్కాతమ్ముళ్ళ కథ మన కృష్ణాతీరంలోనూ ఒకటుంది. భండారు అచ్చమాంబ గారు 1874లో నందిగామ దగ్గర పెనుగంచిప్రోలులో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. బడికి పంపినవారు లేరు. పదేళ్ళ ప్రాయంలోనే పెళ్ళయి, భర్త ఉద్యోగరీత్యా మధ్యపరగణాలకు వెళ్ళారు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారు చదువు కోసం అక్క దగ్గరే ఉన్నారు. తమ్ముడు చదువుకుంటుంటే అక్క పక్కన కూర్చుంది. అదే ఆమె బడి. తెలుగు వచ్చింది, హిందీ వచ్చింది, మరాఠీ వచ్చింది. ఇద్దరు బిడ్డల్ని కని, ఇద్దర్నీ పోగొట్టుకుంది. ఆ దుఃఖాన్ని గుండెల్లో పెట్టుకునే కలం పట్టింది.

ఆమె రాసినవన్నీ పెద్ద గ్రంథాలు కావు. చిన్న కథలు, చిన్న వ్యాసాలు. 1901లో వచ్చిన 'అబలా సచ్చరిత్ర రత్నమాల' కూడా స్త్రీల చిన్న చిన్న జీవితచరిత్రల కూర్పు. స్త్రీలు అబలలు, బుద్ధి తక్కువవాళ్ళు అనే నిందకు చరిత్రతోనే జవాబు చెప్పాలని ఆమె పట్టుదల. 1902లో ఏలూరు నుంచి మొదలైన 'హిందూ సుందరి' పత్రికలో ఆమె కథ 'ధనత్రయోదశి' వచ్చింది. పండగపూట ఒక బీద గుమాస్తా ఇల్లు, ఆశకు లొంగబోయిన భర్తను నిలబెట్టిన భార్య. ఇంటి గడప దాటని విషయమే, కాని ఇల్లాలు తన గొంతుతో తను చెప్పిన విషయం. 1905లో, ముప్పై దాటీ దాటకముందే ఆవిడ పోయారు. తమ్ముడు తర్వాత విజ్ఞాన చంద్రికా గ్రంథమాలతో తెలుగుదేశానికే చదువు పంచారు. అక్కడ అన్న రాట్నం పంపాడు, ఇక్కడ తమ్ముడు పుస్తకం పక్కకు జరిపి అక్కకు చోటిచ్చాడు. ఆ జానెడు చోటులోనే అంత తేడా ఉంది.

ఇంతవరకూ చరిత్ర చెప్పాను. ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి.

మా అమ్మకు చదవడం వచ్చు, రాయడం రాదు. వాళ్ళ అన్న పెద్దబాలశిక్ష వల్లిస్తుంటే పక్కనుంచి చూసి అక్షరాలు గుర్తుపట్టింది. రామాయణం కూడబలుక్కుని చదివేది. పలక మాత్రం ఎవరూ ఆమె చేతికివ్వలేదు. మా పెద్దక్క కాపురానికి వెళ్ళాక, ఉత్తరం రాయాలంటే ఇన్‌లాండు కవరు నా ముందు పెట్టేది. నాకప్పుడు పదేళ్ళు. అమ్మ చెప్పేది, నేను రాసేదాన్ని. "పెరట్లో నీ సన్నజాజి ఈ ఏడు రెండు నెలలు ముందే పూసిందే, కోయడానికి చెయ్యి రావటంలేదు. నువ్వు కూర్చునే మెట్టు మీద పిల్లి పడుకుంటోంది, దాన్ని లేపబుద్ధి కావటంలేదు" అని ఆవిడ చెబుతుంటే, నాకు ఆటకు వేళయిపోయేది. నేను రాసింది ఏమిటంటే, "ఇక్కడ అందరం క్షేమం. సన్నజాజి పూసింది. అమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది." అమ్మ చదువుకుంటే తెలుస్తుంది కదా, తెలిసింది. ఆ కవరు చేతిలో పెట్టుకుని చూసి, నన్నేమీ అనలేదు. నాలికతో జిగురు తడిపి అంటించింది.

అమ్మ ఇప్పుడు లేదు. ఆ ఉత్తరాలు అక్క దగ్గర కొన్ని ఉన్నాయి. అన్నీ "అందరం క్షేమం"లే. అమ్మ మాటలు వాటిలో లేవు, నేనే మింగేశాను. జేన్ కుట్టుకున్న పుస్తకం గురించి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ కవర్లే. అందుకే రేడియో ప్రసంగాలు ఉన్నా లేకపోయినా, నా పది వాక్యాల సాధకం నేను మానలేదు. వారంలో ఒకరోజు అమ్మ గొంతుతో రాస్తాను. అంతియోకు కుర్రాళ్ళ అభ్యాసమే. సన్నజాజి వాక్యాలు అలా రాస్తుంటేనే తిరిగి వచ్చాయి. మీకిప్పుడు చెప్పినవి అవే.

కనుక వదినగారికి, ఆవిడలాగే కలం ఆగిపోయే మీ అందరికీ నేను చెప్పేదొకటే. పెద్ద కథ రాయాలని కూర్చోకండి. ఇంట్లో ఖాళీ పేజీలున్న పద్దుపుస్తకం ఒకటి తీయండి. మొదటివారం రోజుకొక వస్తువు. పోపులపెట్టె, తాళంచెవుల గుత్తి, ఎండిన తులసి. ఏ గదిలో ఉందో, ఎవరు కొన్నారో, ఎక్కడ సొట్టపడిందో రాయండి. "అందంగా ఉంది" అనే మాట నిషిద్ధాక్షరి అనుకోండి. రెండోవారం ఒక్క వాక్యాన్ని పదిరకాలుగా తిప్పండి. మూడోవారం మరొకరి గొంతు పట్టండి. అత్తగారి గొంతుతో మీ మీద ఫిర్యాదు రాయండి, ఎంత న్యాయంగా రాయగలరో చూసుకోండి. ఇంటి వెనక పూడిన బావికి నోరొస్తే ఏం చెబుతుందో రాయండి. నాలుగోవారం ఈ పత్రికల్లోనే మీకు నచ్చిన వ్యాసం ఒకటి తీసుకుని, ఆ బోస్టన్ కుర్రవాడు చేసినట్టు గుర్తులు రాసుకుని, దాచి, మూడురోజుల తర్వాత మీ మాటల్లో రాసి పోల్చండి. పిల్లల చేత కూడా చేయించండి. మగపిల్లలతోపాటు ఆడపిల్లల చేతా, వాళ్ళతోపాటు మీరూ. ఎవరికీ చూపించనక్కర్లేదు. తప్పులుంటే ఉండనివ్వండి, పలికినట్టే రాశామని చెప్పుకుందాం.

రోజుకు పావుగంట చాలు. కుక్కరు మూడు కూతలు కూసేలోపల నేను పది వాక్యాలు రాసిన రోజులున్నాయి. పప్పు మెత్తగానే ఉడికింది.

మొన్న వదినగారు మళ్ళీ వచ్చారు. చేతిలో మడతపెట్టిన కాగితం. "చదవకండి, ఊరికే చూడండి ఎంతయిందో" అన్నారు. రెండువైపులా నిండి, అంచున అడ్డంగా కూడా రాసి ఉంది. మొదటి పంక్తి మాత్రం నా కంటబడింది. అందులో "క్షేమం" అన్న మాట లేదు. వాళ్ళమ్మాయి చిన్నప్పుడు ఎక్కిన జామచెట్టు ఉంది.